చక్రం కింది నిమ్మకాయ

ఆయుధపూజ నాటి ఉదయం హోసూరులో కెంపమ్మ టీ కొట్టు ముందు రెండు పాత స్కూటర్లు నిలిచి ఉన్నాయి. బంతిపూల దండ వేసుకున్నది రాజప్పది. తెల్లవారగానే దాని పూజ అక్కడే ముగిసింది. దండ లేనిది మునిరాజుది, కాలం చేసిన నాయన వాడిన బండి. సాయంత్రం పూజలో ఆ బండి ఎవరూ తోయకుండా తనంతట తానే చక్రం కింద పెట్టిన నిమ్మకాయను తొక్కి ముందుకు కదలాలని అతని తల్లి కోరిక. కేబుల్ కొత్తది వేసినారు గాని, క్లచ్ సరిగా అమరలేదు. మధ్యాహ్నమైతే ఊళ్లో మెకానిక్కులందరూ పనిముట్లను పూజలో పెట్టేస్తారు, మళ్లీ రేపటిదాకా ముట్టరు.

"ఆ స్పానరు ఇట్లియ్యప్పా, కూర్చో," అన్నాడు రాజప్ప మునిరాజుతో, టీ గ్లాసు పక్కన పెట్టి. "క్లచ్ అమర్చడమనేది నిదానంగా చేయవలసిన కార్యం. కేబుల్ మరీ బిగిస్తే బండి అరుస్తుంది గాని నడవదు. మరీ వదులైతే గేరు పడదు. లివరు దగ్గర నిమ్మగింజ మందం ఆట, అంటే వదులు, ఉండాల, అంతే. తళి ఊళ్లో ఒక రైతు బండికి అట్లా అమర్చి ఇచ్చినాను. క్యాబేజీ మూటలతో ఈడిదాకా సుఖంగా వచ్చి చేరినాడు. అదేమీ గొప్ప కాదు."

"అంతవరకు నమ్మొచ్చు," అన్నాడు బెంచీ మీది శివప్ప.

"ఆ తర్వాత ఏమైందో తెలుసునా? నా బండికీ అట్లే అమర్చి రాయకోట కొండ ఎక్కినాను. మెట్ల మీదనే. నడుమ మజ్జిగ తాగాలనిపించింది. స్టాండు వేయలేదు, బ్రేకు ముట్టలేదు; లివరును సగానికి పట్టి చేతిరుమాలుతో కట్టి దిగిపోయినాను. మజ్జిగ తాగి, గ్లాసు కడిగి ఇచ్చి వచ్చేదాకా బండి ఆ మెట్టు మీదనే మర్యాదగా నిలబడి ఉండింది. పైనుంచి చూస్తే ధర్మపురి రైలు ఎత్తు ఎక్కలేక ఆగిపోయి ఉండాది. దిగినాను. తాడు యాడా దొరకలేదు. పూలు కట్టే అమ్మ దగ్గర అరటినార అడిగి తీసుకొని, రైలింజనుకు ముడివేసి, రెండో గేరులో హోసూరు దాకా లాక్కొని వచ్చినాను. మొదటి గేరు అవసరమే రాలేదు. గార్డు తల బయట పెట్టి, సార్, స్టేషన్లు దాటిపోతా ఉండాయి, కొంచెం మెల్లగా పోనిండి అని వేడుకున్నాడు."

"అన్నా, పొద్దు పోతా ఉండాది," అన్నాడు మునిరాజు.

"పొద్దు సంగతే చెప్పబోతా ఉండాను. హోసూరులో నార విప్పి, ఇంటికి పోదామని క్లచ్చును ఒక్కసారిగా వదిలినాను. పట్టు ఎంత గట్టిదంటే, బండి ముందుకు పోలేదు. కింద ఉన్న భూమి వెనక్కి జరిగింది. ఆ సాయంత్రం సూర్యుడు అస్తమించడం ఆలస్యమైంది. మీకు జ్ఞాపకం ఉండాల."

"ఉండాది," అన్నాడు శివప్ప. "ఆ పొద్దు మా ఆవు మూడోతూరి పాలిచ్చింది."

"చూసినావా? సాక్ష్యం కూడా దొరికింది," అని రాజప్ప స్పానరు పట్టుకొని మునిరాజు బండి వైపు లేచినాడు.

అంతవరకు పాలు కాచుకుంటా ఉండిన కెంపమ్మ కొట్టు బయటికి వచ్చింది. దండ వేసిన స్కూటరు దగ్గరికి పోయి, వంగి, వెనక చక్రం పక్కనుంచి కుంకుమ పూసిన నిమ్మకాయ ఒకటి తీసింది. దాని మీద చిన్న నొక్కు కూడా లేదు. దాన్ని తెచ్చి రాజప్ప టీ గ్లాసు పక్కన ఉంచింది.

"భూమిని జరిపినావు, సంతోషమన్నా. తెల్లారి నీ చక్రం కింద నేనే పెట్టిన కాయ ఇది. బండి వీధంతా లేచేట్టు అరిచింది గాని దీన్ని ఎక్కలేదు. కడకు నువ్వే హ్యాండిలు తిప్పి, పక్కనుంచి తోసుకొని పోయినావు."

శివప్ప నిమ్మకాయను చేతిలోకి తీసుకొని, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ జాగ్రత్తగా అక్కడే పెట్టినాడు.

మునిరాజు లేచి, రాజప్ప చేతిలోని స్పానరును మెల్లగా తీసుకున్నాడు.

"అక్కా," అన్నాడు స్టాండు తీస్తా, "మెకానిక్ నరసింహప్ప షెడ్డులో పనిముట్లు ఇంకా పూజకు పెట్టి ఉండరు కదా?"