పుర్రచేతి ముడి

అలబామాలో ఒక చిన్న ఊరు. ప్రభుత్వ ఉపాధి ఆఫీసు ముందు, ఏప్రిల్ ఎండలో ఆగి ఉన్న పాత ట్రక్కు. లోపల నెల్డా, ఆమె తమ్ముడి భార్య రెనీ. ఇద్దరూ పనిచేసిన సాక్సుల మిల్లు మూతపడి పది నెలలైంది.

“విత్తనాల కొట్టుకెళ్దామన్నావు.”

“అన్నాను.”

“ఇది విత్తనాల కొట్టు కాదు.”

“దార్లో ఆగాం వదినా. వేరుశనక్కాయలు తిను. ఇప్పుడే ఉడకబెట్టినవి, వేడిగా ఉన్నాయి.”

“విత్తనాల కొట్టు ఊరికి ఆ చివర. ఇది దార్లో ఎలా వచ్చింది? నాకు మతి పోయిందనుకున్నావా రెనీ?”

“నాలుగున్నరకి మూసేస్తారు.”

“కొట్టా?”

“ఈ ఆఫీసు. ఇవాళే ఆఖరు. ఇవాళ దాటితే మళ్ళీ అడగడానికి లేదు.”

“నన్ను ఇంటికి తీసుకెళ్ళు.”

“తీసుకెళ్తా. ఒక్క కాగితం...”

“ఆ కాగితం సంగతి నా దగ్గర ఎత్తకు. అది మిల్లులో మనతో పనిచేసిన హ్యూబర్ట్ పెట్టుకున్న వ్యవహారం. సంతకాలు చేయించాడు, పంపాడు, వాళ్ళు కాదన్నారు. అయిపోయింది.”

“ఎందుకు కాదన్నారో తెలుసా?”

“నాకెందుకు?”

“అరవై రెండు మందిమి వదినా. పరదేశం సరుకు దిగి పని పోయినవాళ్ళకి ప్రభుత్వం రెండేళ్ళు చదువు చెప్పిస్తుంది. చదువుకున్నన్నాళ్ళూ ఇల్లు గడవడానికి వారం వారం ఇస్తుంది. మనకి మాత్రం ఇవ్వరట. మన పని పరదేశం పోయినట్టు రుజువు లేదట. గిరాకీ తగ్గి మూసుకున్నాం అని మిల్లువాళ్ళు రాసిచ్చారట.”

“తగ్గిందేమో.”

“ఏం, జనం సాక్సులు తొడుక్కోడం మానేశారా?”

“ఈ ఎండకి మానేసినా మానేస్తారు.”

“నన్ను నవ్వించకు. ఇప్పుడు నవ్వితే ఏడుపొచ్చేస్తుంది.”

“ఆ కిటికీ ఎత్తు. దుమ్ము.”

“అది ఎక్కదు. బాగుచేస్తా బాగుచేస్తా అంటాడు డ్వైట్, చెయ్యడు. నీ తమ్ముడే కదా.”

“పెళ్ళయ్యేదాకా బాగానే ఉండేవాడు. ఆ స్టీరింగు మీద దరువెయ్యడం ఆపు. తల పగిలిపోతోంది నాకు.”

“కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరుంటే చాలట. లోపల అమ్మాయి చెప్పింది. ఫలానా ఊళ్ళో, ఫలానా మిల్లులో, మన పనే చేస్తుంటే నేను చూశాను అని ఒక మనిషి తన చేత్తో రాసిస్తే ఫైలు మళ్ళీ తెరుస్తారట.”

“అయితే వెతుక్కోండి ఆ మనిషిని.”

“వెతికాం.”

“దొరికిందా?”

“దొరికింది. నా పక్క సీట్లో కూచుని శనక్కాయ తొక్కలన్నీ నా ట్రక్కులో పడేస్తోంది.”

“నీకేమైనా పిచ్చా? నేనేం చూశాను? నేనీ రాష్ట్రం దాటి ఎన్నడు వెళ్ళాను?”

“కిందటేడు ఫిబ్రవరిలో మూడు వారాలు ఎక్కడున్నావు?”

“మోబిల్ పట్నంలో. పిన్నికి పిత్తాశయంలో రాళ్ళు. ఆపరేషను. తెలిసిందే కదా.”

“మొహమంతా ఎర్రగా కాలి, ముక్కు తోలూడిపోయి వచ్చావు.”

“సముద్రం ఒడ్డు.”

“ఫిబ్రవరిలోనా?”

“ఆ ఏడు ఎండగా ఉంది.”

“ఆస్పత్రి లోపల కూడానా?”

“నువ్వు పోలీసువా రెనీ? ఎప్పణ్నుంచి?”

“ఇది పట్టుకో.”

“ఏంటిది?”

“సాక్సు. పెద్ద బజార్లో కొన్నా, ఆరు జతల కట్ట. హోండురాస్‌లో తయారైందని చీటీ ఉంది.”

“ఎప్పుడు కొన్నావు?”

“ఎప్పుడో కొన్నాలే. తిరగెయ్యి.”

“కళ్ళద్దాలు తేలేదు.”

“నీకెందుకు కళ్ళద్దాలు? ముప్పై ఒక్క ఏళ్ళు సాక్సులకి మూతులు కుట్టావు. వేళ్ళ దగ్గర తడిమి చూసి చెప్పు. ముడి ఏ పక్కనుంది?”

“ఎడం పక్క.”

“మూతులు కుట్టే లైన్లో ఇరవై మందిమి. ఎడం పక్క ముడేసేది ఎవరు?”

“ప్రపంచంలో పుర్రచెయ్యి నాకొక్కదానికేనా? అక్కడా ఉంటారు.”

“ఆరు జతలు, పన్నెండు సాక్సులు, పన్నెండూ ఎడమే. ఇంకో కట్ట కొన్నా. అవీ ఎడమే. హోండురాస్‌లో అందరిదీ పుర్రచెయ్యేనా వదినా?”

“ఏమో. అక్కడి నీళ్ళ గుణమేమో.”

“వదినా!”

“అరవకు. ఆ ఆఫీసు గుమ్మంలోంచి చూస్తున్నారు.”

“చూడనీ. ఈ ముడి లోపల అమ్మాయికి చూపించా. నవ్వింది. ముడి సాక్ష్యం చెప్పదండీ, మనిషిని తీసుకురండి అంది. ఆ పిల్లకేం తెలుసు? మన ఊళ్ళో ఆడవాళ్ళు ముందు సాక్సు మూతి చూసి, ఆ తర్వాత వెల చూస్తారని తెలుసా?”

“టైమెంతైంది?”

“నాలుక్కి ఐదు నిమిషాలు తక్కువ.”

“వాళ్ళకి నా భాష రాదు రెనీ.”

“ఎవరికి?”

“ఆ పిల్లలకి.”

“ఏ పిల్లలు?”

“నీకు తెలుసుగా. ఇంకా అడుగుతావేం? ముప్పై మంది. ఒక్కదానికీ పాతికేళ్ళుండవు. నా మాట వాళ్ళకి రాదు, వాళ్ళది నాకు రాదు. ఎలా నేర్పను? నా చేతులు చూడండి అని సైగ చేశాను. చూశారు. ఏ చేత్తో ఏం చేస్తే ఆ చేత్తో అదే చేశారు. రెండో రోజు సాయంత్రం జీతం పుస్తకంలో సంతకాలు పెడుతుంటే చూశాను. అందరూ కుడిచేత్తో పెడుతున్నారు! కుడిచేతివాళ్ళమ్మా అందరూ! మిషను దగ్గరికొచ్చేసరికి నాలాగా ఎడంచేత్తో. అయ్యయ్యో, నాకు ఎడమైంది మీకు కుడి కావాలి, అద్దంలోలాగా తిప్పుకోండి అని చెప్పాలి. ఎలా చెప్పాలి? చేతులు అటూ ఇటూ ఊపాను. వాళ్ళూ ఊపారు.”

“ఊపారా?”

“ముప్పై మందీ. పనిలో అదొక భాగమనుకున్నారు.”

“దేవుడా.”

“నవ్వు, నవ్వు. డిల్సియా అని ఒక పిల్ల ఉంది, పదిహేడేళ్ళది. ముడేసేముందు నేను వేలు నాలికతో తడుపుకుంటాను చూడు, అది కూడా చేసేది. వచ్చేసే రోజున నా మెడ పట్టుకుని వదల్లేదు.”

“టిల్మన్ చూసుకోలేదా, ముడి అటు పడుతోందని?”

“సూపర్‌వైజరు సాక్సు మూతి ఎన్నడు చూశాడే? గంటకెన్ని అన్నదే ఆయనకి కావాలి.”

“ఎందుకెళ్ళావు వదినా?”

“ఈ శనక్కాయలు చల్లారిపోయాయి.”

“నిన్నే.”

“మామూలు రకం అక్కడ కుట్టిస్తాం, మేలు రకం ఇక్కడే ఉంచుతాం అన్నాడు టిల్మన్. వాళ్ళు త్వరగా నేర్చుకుంటే మీ లైను మీద చెయ్యి పడదు నెల్డా, అది నీ చేతుల్లో ఉంది అన్నాడు. నా చేతుల్లో అన్నాడు. యాభై ఆరేళ్ళలో నా చేతుల్లో ఏదైనా ఉందని ఎవరన్నారు? విమానమెక్కడం మొదటిసారి. ప్రాణం గిలగిల్లాడిపోతుంటే, ఇరవై మంది కోసం నెల్డా, ఇరవై మంది కోసం, అనుకుంటూ కూచున్నా. దిగాక, ఎక్కడా నోరు విప్పకూడదని కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. పిన్ని రాళ్ళ కథ కూడా ఆయన చెప్పిందే. జూన్లో గేటుకి తాళం.”

“ఇదే రాయి. ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు.”

“కోర్టుకి లాగుతారు.”

“లాగలేరు. ప్రభుత్వం అడిగితే చెప్పొచ్చట. ఆ అమ్మాయి చట్టం తీసి చదివి మరీ చెప్పింది.”

“ఆదివారం?”

“ఆదివారం ఏంటి?”

“చర్చిలో నా వెనక రెండు బెంచీలూ మన లైనే కదా. వాళ్ళ కడుపు కొట్టే పని మూడు వారాలు కూచుని నేర్పొచ్చానని నా చేత్తో నేనే రాసివ్వాలి. ఇచ్చి, ఆదివారం వెళ్ళి వాళ్ళ ముందు కూచుని పాటలు పాడాలి. వీపు కాలిపోదూ?”

“కాలుతుంది.”

“కాలదు అంటావనుకున్నా.”

“అబద్ధం చెప్పి ఏం లాభం? కాలుతుంది. కొన్నాళ్ళు మాట్లాడరు. మాట్లాడినా పుల్లవిరుపు మాటలే. హ్యూబర్ట్‌కి యాభై ఏడు వదినా. ఏసీలు బాగుచెయ్యడం నేర్చుకుంటానని పెన్సిళ్ళ డబ్బా కొనుక్కున్నాడు. మనవరాలి పక్కన కూచుని భిన్నాలు చేస్తున్నాడు. ఆ పిల్ల తప్పులు కొడుతోందట. నాకు ఎక్స్‌రే క్లాసులో సీటు మే నెల దాకా ఉంచుతామన్నారు. ఆ తర్వాత నేను మళ్ళీ కోళ్ళ ఫ్యాక్టరీలో రెక్కలు కొయ్యడమే.”

“తెలుసు.”

“తెలిసీ కూచున్నావు.”

“నీకు సులువు రెనీ.”

“నాకా?”

“నీకే. నీ చేతులు శుభ్రం. నువ్వేం దాచావు? ఎవరితో అబద్ధమాడావు? పక్కవాళ్ళ పాపం కనిపెట్టి, ట్రక్కులో వేసుకొచ్చి, ఆఫీసు ముందు పడేసి దిగు దిగు అనడం ఎంతసేపు?”

“నాలుగూ ఐదు.”

“టైము అడగలేదు నేను.”

“అడక్కపోతే ఆగుతుందా?”

“ఏమైందే? ఎందుకలా మొహం తిప్పుకున్నావు? ఏదో కోపంలో అన్నాను.”

“ఏం కాలేదు. ఎండ కళ్ళలో పడుతోంది.”

“ఎండ నా వైపుంది.”

“వదినా, చూడు. అప్పుడు నిన్ను మోసం చేశారు. అది నీ తప్పు కాదు, నేనెవరి ముందైనా చెప్తా. ఇవాళ నోరు మూసుకుంటే మాత్రం ఆ మోసంలో నీదీ ఒక చెయ్యి అవుతుంది. అది పుర్రచెయ్యైనా కుడిచెయ్యైనా ఒకటే.”

“నీకు మాటలు బాగా వచ్చాయి. ఎక్స్‌రేలు ఎందుకు, లాయరువి కా.”

“దిగుతావా?”

“రాత బాగుండదు నాది. అక్షరాలన్నీ వెనక్కి వాలతాయి.”

“వాలనీ.”

“డిల్సియా పేరు రాయను. ఆ పిల్ల పని పోతే?”

“పేర్లు అక్కర్లేదు. ఊరు, మిల్లు, ఎన్ని రోజులు, ఏం నేర్పావు. అంతే.”

“ఈ ఒళ్ళో తొక్కలు తియ్యి.”

“ఉండు, నే దులుపుతా. దిగుతున్నావా? నిజంగానా?”

“తలుపు రావట్లేదు.”

“బయటినుంచి తియ్యాలి. కిటికీలోంచి చెయ్యి పెట్టు. ఆఁ, కింద, ఇంకొంచెం కింద.”

“ఈ ట్రక్కులో సరిగ్గా ఉన్నది ఏదైనా ఉందా? ఆగు. నువ్వు లోపలికి రాకు.”

“వస్తాను.”

“వద్దు. ఇక్కడే ఉండు. నేను ఆలోచించుకున్నా. మొట్టమొదటి మాటే అది రాస్తాను, మా ఇంట్లోవాళ్ళకి దీని సంగతి ఏమీ తెలియదు, మా తమ్ముడికీ తెలియదు, వాడి భార్యకీ తెలియదు, అందరికీ మోబిల్ కథే చెప్పాను అని. ఊరు తిడితే నన్నొక్కదాన్నే తిట్టాలి. నువ్వు పదిమందిలో తిరగాల్సినదానివి, కాలేజీకెళ్ళాల్సినదానివి.”

“అది రాయకు వదినా.”

“రాస్తా. ఆ ఒక్కటి నా ఇష్టం.”

“రాయకు. వాళ్ళ ఫైల్లో వేరేగా ఉంది.”

“ఏం ఉంది? నా సంగతి ఫైల్లో ఎందుకుంటుంది?”

“మనకి కాదనే ముందు, డిసెంబర్లో, పై ఆఫీసునుంచి ఒకాయన ఫోను చేశాడు. మన కాగితం మీద విచారణ చేసే ఆయన. నెల్డా అనే ఆవిడ్ని మిల్లువాళ్ళు పరదేశం పంపారని ఎవరో పేరు రాయకుండా ఉత్తరం వేశారట.”

“ఎవరికి చేశాడు? హ్యూబర్ట్‌కా?”

“నాకు. మీరు ఆవిడకి దగ్గరి మనిషట కదా, నిజమేనా అన్నాడు. నిజమైతే మీ అందరికీ మంజూరు చెయ్యడం ఎంతసేపండీ అన్నాడు.”

“డిసెంబర్లో నీకేం తెలుసు? నీకు చెప్పిందెవరు?”

“సాక్సులు అక్టోబర్లో కొన్నా.”

“రెనీ. ఏం చెప్పావు ఆయనకి?”

“మా వదిన ఎక్కడికీ పోలేదండీ, మోబిల్ బస్సు ఎక్కించింది నేనే అని ప్రమాణం చేసి చెప్పాను.”