ఇంట్లో ఎవరుంటారు?

కార్వేటినగరంలో మేలుజాతి కుక్కపిల్లలు అమ్మే ఆయన ఇంటికి నాయుడుపేట నుంచి ఒకామె వచ్చింది.

“పదివేలు కూడబెట్టినానన్నా. గిన్నె, పరుపు కొనిపెట్టినాను. టీకాలకు వేరేగా ఎత్తిపెట్టినాను.”

“పగలు దాన్ని ఎవురు సూసుకుంటారమ్మా?”

“ఫ్యాక్టరీ నుంచి ఆరుగంటలకంతా వచ్చేస్తానన్నా.”

“అంతవరకూ ఇంట్లో ఎవురుంటారు?”

“ఎవురూ లేరు. అందుకే గదా కొనేది.”

“రెండు నెలల పిల్ల. పొద్దంతా ఒంటరిగా ఉంటే అరిసి అరిసి సిక్కిపోతాది. నేనియ్యలేనమ్మా.”

“అలవాటు పడతాదన్నా. నేను పడలేదా?”

ఆయన మూలన పడుకున్న తల్లికుక్క వైపు చెయ్యి చూపించాడు.

“దీని తల్లిని తీసుకోనిపో. ఆరేండ్లది, ఇంక ఈనదు. దుడ్లేమీ ఇయ్యొద్దు. నువ్వొచ్చేదాకా వాకిలి దిక్కే సూస్తా పండుకోనుంటాది.”

“ఆరు దాటిపోతే?”

“దాటినా సూస్తాది.”

ఆమె కిందికి వంగి తల్లికుక్క తల నిమిరింది.

“దీన్ని బస్సులో ఎక్కనిస్తారా అన్నా?”