అరవై మూడు మంది గురువులు, ఒక గొడుగుల కొట్టు

అధ్యక్ష స్థానంలో ఇబ్బందిగా కూర్చున్న మా యజమానిగారికి, నాలుగు మాటలు చెబుతానని మైకు పట్టుకుని నలభై చెప్పిన మా అమ్మకాల మేడమ్‌కి, మరమ్మతు బల్ల దగ్గర నుంచి చేతులైనా కడుక్కోకుండా వచ్చేసిన మా బాబాయ్‌కి, రెండో వరుసలో కూర్చుని "త్వరగా ముగించండి" అని కళ్లతోనే చెబుతున్న మా ఆవిడకి, మిగతా మిత్రులందరికీ నమస్కారం.

ముప్పై ఒక్క ఏళ్లు గొడుగుల కొట్టులో గుమస్తాగా పనిచేసినవాడికి ఏమిద్దామా అని మీరంతా నెలరోజులు ఆలోచించి, చివరికి ఒక గొడుగు ఇచ్చారు. (నవ్వులు) నవ్వకండి, నాకు నిజంగానే అవసరం. ఇన్నేళ్లూ వాన పడితే బాబాయ్ బాగుచేసి పెట్టిన ఎవరిదో గొడుగు వేసుకెళ్లి, పొద్దున్నే తెచ్చి యథాస్థానంలో పెట్టేవాణ్ని. ఆ గొడుగుల సొంతదారులు ఎవరైనా ఇక్కడుంటే పెద్దమనసుతో క్షమించాలి.

పెద్దలు నా గురించి చాలా చెప్పారు. అందులో సగం నాకే తెలియదు. కానీ నేను ఈ కొట్టుకు చేసిన అసలు సేవ మాత్రం ఎవరూ ఎత్తలేదు. యజమానిగారి ముందు ఎందుకులే అని మొహమాటపడ్డారు. నాకు ఇవాళ్టితో ఆ మొహమాటం తీరిపోయింది కాబట్టి నేనే చెబుతాను. అది మార్కెటింగ్ గురువుల సంగతి.

మూడేళ్ల కిందట మా యజమానిగారు ఒక హోటల్లో ఏదో ఒకపూట శిక్షణకు వెళ్లారు. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. (నవ్వులు) వచ్చి, "గుమస్తాగారూ, మనకు తక్కువైంది సరుకు కాదండీ, జ్ఞానం" అన్నారు. అని ఊరుకుంటే బాగుండేది. ఆన్‌లైన్‌లో వ్యాపారం నేర్పే నిపుణులు ఎంతమంది కనిపిస్తే అంతమంది మెయిలింగ్ లిస్టుల్లోనూ చేరిపోయారు. అరవై మూడు మంది. పోనీ తన సొంత మెయిలు ఇచ్చారా అంటే, లేదు, మనకు ఆర్డర్లు వచ్చే మెయిలు ఇచ్చారు. మర్నాటి నుంచి పుట్టగొడుగుల్లా ఉత్తరాలు. (ఎవరో ఏదో అంటారు, నవ్వులు) అవును బాబాయ్, ఆ గొడుగులకు మాత్రం మరమ్మతు లేదు.

ఒకాయన "ప్రియమైన గొడుగులకొట్టు ఆర్డర్లు గారూ" అని పలకరించేవాడు. ఒకావిడ తెల్లవారకముందే లేచి చన్నీళ్లు పోసుకుంటేనే అమ్మకాలు పెరుగుతాయని రాసేది. ఇంకొకాయన తన పాఠాల తగ్గింపు ధరకు "ఇంకా మూడు గంటలే మిగిలింది" అనేవాడు. ఆ మూడు గంటలు ఇప్పటికీ అవలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా?

ఈ జ్ఞానం అడుగున ఒక బడివాళ్ల ఆర్డరు మునిగిపోయింది. నలభై గొడుగులు. పన్నెండు రోజులు చూసి చూసి, ఆ టీచరమ్మ జోరువానలో తనే వచ్చి గుమ్మంలో నిలబడింది. "పిల్లలు రోజూ తడిసి వస్తున్నారండీ. మెయిలు పెట్టాం, చూడలేదా?" అంది. గొడుగుల కొట్టు ముందు మనిషి తడిసి ముద్దయి నిలబడటం నేను ఆరోజే చూశాను. యజమానిగారు తన చేత్తోనే నలభై గొడుగులు కట్టి ఇచ్చారు. ఆవిడ వెళ్లాక, "ఎవర్ని ఉంచాలో ఎవర్ని తీసేయాలో మీరే తేల్చండి" అని ఆ పని నా నెత్తిన పెట్టారు.

నేనొక గీతల నోటుపుస్తకం కొన్నాను. ఒక్కో గురువుకు ఒక్కో పేజీ. మొదట బాగా రాసేవాళ్లను ఉంచుదామనుకున్నాను. తీరా చూస్తే అందరూ బాగానే రాస్తున్నారు, వాళ్ల పనే అది. నా అవస్థ చూసి మా ఆవిడ, "ఏమండీ, డాక్టరు మంచివాడో కాదో ఎలా తెలుస్తుంది? మన నొప్పి చెప్పి చూస్తే తెలుస్తుంది" అంది. ఈ కొట్టు నాకిచ్చిన గొడుగులో సగం ఆవిడదే.

అందరికీ ఒకటే ప్రశ్న పంపాను. "అయ్యా, మా బాబాయ్ బాగుచేసిన గొడుగు ఐదేళ్ల దాకా మళ్లీ మా మొహం చూడదు. ఆ గొడుగు మనిషికి ఈ ఐదేళ్లూ మేం ఏం రాయాలి?" యాభై ఒక్కమంది దగ్గర నుంచి యంత్రం జవాబిచ్చింది, మూడు గంటలే మిగిలిందని. పదకొండు మంది ఉలకలేదు, పలకలేదు. ఒకే ఒక్కాయన రాశాడు. "నాకు తెలియదండీ. నేనెప్పుడూ గొడుగు అమ్మలేదు. మీ దగ్గర కొన్నవాళ్లనే అడగండి. వాళ్లేమన్నారో నాకూ చెబితే నేర్చుకుంటాను." ఆయన్ను ఉంచాను. మిగతా అరవై రెండింటిలోంచీ పేరు తీయించాను. తీయిస్తుంటే ప్రతివాడూ "నిజంగా వెళ్లిపోతున్నారా? ఒక్కసారి ఆలోచించండి" అని బతిమాలేవాడు. ఇవాళ ఇంత సభలో నన్ను అలా ఒక్కరూ అడగలేదు. (నవ్వులు)

ఆ మరుసటి నెల అరవై నాలుగో ఆయన ఊడిపడ్డాడు. పేరు లేదు, "వ్యాపార గురువు" అని సంతకం. అదే ప్రశ్న పంపాను. అదే మూడు గంటలు. పుస్తకంలో రాశాను: "ఈయన జన్మలో ఒక్క గొడుగు అమ్మిన పాపాన పోలేదు. తీసేయడమైనది." అలవాటు ప్రకారం నెలాఖరున పుస్తకం యజమానిగారికి చూపించాను. ఆయన చదివి, మూసి, మంచినీళ్లు అడిగారు. ఆ గురువు ఎవరో నాకు వారం తరవాత అమ్మకాల మేడమ్ చెప్పింది. (యజమానిగారు తల దించుకుంటారు. చాలాసేపు నవ్వులు) అయ్యా, నలుగురిలో చెప్పినందుకు ఏమీ అనుకోకండి. ఇక మీరు నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేరు కదా.

ఇంకొకరైతే నా మీద కక్ష కట్టేవారు. ఈయన మాత్రం నా బల్ల దగ్గరికి వచ్చి, "మరి మనం ఏం రాద్దామండీ?" అన్నారు. కొన్నవాళ్లందరికీ ఒక్క వాక్యం రాశాం. "మీ గొడుగు ఎలా ఉంది?" అంతే. జవాబులు వందల్లో వచ్చాయి. ఒకావిడ రాసింది: "గొడుగు బాగుంది. పట్టుకునే ఆయనే లేరు. పిడి నా చేతికి పెద్దది, పారేయడానికి చేతులు రావు." ఆ గొడుగు తెమ్మని రాశాను. బాబాయ్ పిడి సన్నగా చెక్కి ఇచ్చాడు. అలా మొదలైంది, కొన్నవాళ్లందరికీ వారంవారం రాసే మన గురువారం ఉత్తరం.

అంతకుముందు నేను రాసిన ప్రతి కాగితం కిందా "యజమాని తరఫున" అనే ఉండేది. గురువారం ఉత్తరం కింద మాత్రం "మీ గుమస్తా" అని పెట్టుకోనిచ్చారు. జవాబులు నాకొచ్చేవి. నాకు. ఆ గ్లాసు ఇలా అందించండి.

వచ్చే గురువారం ఎవరు రాస్తారన్న బెంగతో మూడు వారాలుగా నాకు అన్నం సహించలేదు. నిన్న యజమానిగారు పిలిచి "నేనే రాస్తాను" అన్నారు. ఉన్న ఆకలి కూడా పోయింది. (నవ్వులు) నోటుపుస్తకం ఆయన చేతిలో పెట్టి, ఇంటికెళ్లి ఒక పని చేశాను. మా ఇంటి మెయిలు మన లిస్టులో చేర్చాను. వచ్చే గురువారం నాకూ ఉత్తరం వస్తుంది. వెంటనే ఒక ప్రశ్న పంపుతాను. దాచడం ఎందుకు, ఇప్పుడే చెబుతున్నాను: కిటికీ పక్కన నా కుర్చీలో ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారు?

మూడు గంటలే మిగిలిందని జవాబు వస్తే, ఉత్తరం అడుగున పేరు తీయించుకోవడానికి చిన్న అక్షరాలుంటాయి, అవి నొక్కడం నా వేలికి బాగా అలవాటు. మనిషి రాస్తే మాత్రం, రెండు ముక్కలైనా సరే, నా కళ్లు కనబడినన్నాళ్లూ చదువుతాను.

(యజమానిగారు కుర్చీలోంచి లేచి ఏదో చెప్పబోతారు)

వద్దండీ, ఇప్పుడు చెప్పకండి. గురువారం రాయండి.

ఇంతసేపు ఎవరూ మధ్యలో పేరు తీయించుకోకుండా విన్నారు, అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. బయట చినుకులు మొదలయ్యాయి. ఇవాళ నా గొడుగు నాకుంది. సెలవు.