పదో వికెట్

ఆస్ట్రేలియాలో కోల్‌రేన్ అనే ఊరి క్రికెట్ మైదానం పక్కన టీ గదిలో కప్పులు కడుగుతున్న అమ్మమ్మ, ఫైనల్ గెలిచి బూట్లతోనే లోపలికొచ్చిన మనవరాలిని చూసి కుళాయి కట్టేసింది.

"తొమ్మిది వికెట్లూ నువ్వే తీశావు. పదోది కూడా తీసుంటే ఈ జిల్లాలో ఎవరికీ లేని పేరు కదే."

"తెలుసు అమ్మమ్మా."

"అవతలి వైపు నుంచి బౌలింగ్ చేస్తున్న ట్రూడీ పాపం, ఆ పదోది నీకే దక్కాలని వికెట్లకి దూరంగా బంతులేసింది. మధ్యలో వెళ్ళి దాని చెవిలో ఏం చెప్పావు?"

"నాకోసం చూడకు, వికెట్లకే వెయ్యమన్నా."

"మెల్‌బోర్న్ సెలెక్టరు నిన్ను చూడటానికేగా వచ్చాడు?"

"అప్పటికి అవతలి జట్టు గెలవడానికి ఇంక నాలుగు పరుగులే కావాలి. నా ఓవరు వచ్చేలోపు ఒక్క దెబ్బకి కొట్టేసేవాళ్ళు. అందరం ఓడిపోయాక నేనొక్కదాన్నే నవ్వుతూ ఫోటో దిగనా?"

"ట్రూడీ ఏమంది?"

"పిచ్చిమొద్దూ అంది. తర్వాతి బంతికే బౌల్డ్ చేసింది. ఇప్పుడేమో ఏడుస్తూ ఆ బంతి నన్ను ఉంచుకోమంటోంది."

"తీసుకున్నావా?"

"ఎందుకు తీసుకుంటా? గెలిపించింది అది. సెలెక్టరు కారు కూడా లేదులే, వెళ్ళిపోయినట్టున్నాడు."

అమ్మమ్మ చేతులు తుడుచుకుని, కేకుల పళ్ళెం కింద నుంచి ఒక కార్డు తీసింది.

"వెళ్తూ నీకిమ్మన్నాడు. సోమవారం మెల్‌బోర్న్‌లో ఆడించి చూస్తారట."

"మరి పళ్ళెం కింద పెట్టావేం?"

"ఇస్తే నువ్వూ వెళ్ళిపోతావని."

అమ్మమ్మ కార్డు మనవరాలి చేతిలో పెట్టింది.

"బస్సు పొద్దున ఆరింటికి. మీ అమ్మ వెళ్ళిన బస్సే. నేనే వచ్చి ఎక్కిస్తా."