రాయి వేసినా సద్దు రాని బోరు

రాప్తాడు రోడ్డు మీద పాపన్న టీ అంగట్లో గ్లాసు చేతికొస్తే చాలు, ఆంజినప్ప నోటికి తాళం ఉండదు. ఆ పొద్దున మా మధ్యనే వీరప్ప తలొంచుకుని కూర్చున్నాడు. కాసేపట్లో రంపం వాళ్లు వచ్చి, ఎండిపోతున్న అతని నలభై చీనీ (బత్తాయి) చెట్లనూ కోసేస్తారు. మోటరు కాలిపోయి పీకేసిన అతని బోరులో ఇంక నీళ్లు లేవని తేల్చింది ఆంజినప్పే.

"బోరు లోతు చూడను మిషనెందుకప్పా? గులకరాయి చాలు. ఇడిసిపెడితే అది సెకను సెకనుకూ ముప్పై రెండడుగుల జోరు పెంచుకుంటాది. సద్దొచ్చే దాకా ఎన్ని సెకన్లో లెక్కబెట్టు, దాన్ని దాంతోనే హెచ్చేసి పదహార్తో హెచ్చెయ్, నీళ్లు యాడుండాయో తెలిసిపోతాది. విడపనకల్లులో పది బోర్లకు అట్లే చెప్పినా. మన వీరప్ప బోరు కాడికీ పోయినా. వంగి చూసేదే లే, మన చెవే మీటరు. నిలబడే రాయి ఇడిసినా. ఒకటి, రెండు, మూడు... పది! సద్దు లే."

"పదికి పదహారు నూర్ల అడుగులు కదన్నా!" పాపన్న నోరు తెరిచాడు.

"ఇంకా ఇను. ఇంటికి పోయి సంగటి తిని గంటకొచ్చినా. అప్పుడూ లే! లెక్కేస్తే రాయి జోరు సెకనుకు ఇరవై మైళ్లు దాటింది. రాప్తాడులో రెప్ప మూస్తే పామిడిలో తెరవాల, అంత జోరు!"

"అయ్యో దేవుడా!" ఎదురు బల్ల మీద కూర్చున్న జాకబ్ చేతిలో బన్ను టీలో పడింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? బోరులోంచి వేడిగాలి కొట్టి నా మీసం మాడిపాయ. రాయి భూమిని తూట్లు పొడిచి అవతల సముద్రంలో లేచింది. ఆడ చేపలోళ్ల పడవ బోర్లాపడె. వాళ్లు కోపంతో తిరిగి ఇసిరినారు. సాయంత్రానికి అదే రాయి బోరులోంచి ఎగిరొచ్చి నా కాళ్లకాడ పడె. దాంతోనే బీడీ ముట్టించుకున్యా!"

రంపం వాళ్లొచ్చారని వీరప్పను పిలవడానికొచ్చిన అతని పెళ్లాం హనుమక్క అంతా వింటూ నిలబడింది.

"ఏ పొద్దప్పా రాయి ఇడిసింది?"

"పోయిన ఆదివారం."

"మూతిలో గోనెసంచి తీసినావా?"

"యా సంచి?"

"మేకపిల్ల పడబోయిందని శనివారం నేను మూర లోతున కుక్కిన సంచి. దాని మీద కోడిగుడ్డంత రాయి ఉండాది. యా పిల్లోడు వేసినాడో అనుకున్యా. అది నీదేనా?"

వీరప్ప గ్లాసు అక్కడే పడేసి లేచి పరుగందుకున్నాడు. అతని వెనకే మేమందరం చేనికి పరిగెత్తాం. అప్పటికే మొదటి చెట్టుకు రంపం ఆనించారు. హనుమక్క సంచి పీకేసింది. వీరప్ప రాయి వదిలాడు.

ఒకటి... రెండు... మూడు...

బుడుంగ్!

"ఆపండప్పా!" అని ఏడుస్తూ వీరప్ప చెట్ల వైపు ఉరికాడు.

"మూడు మూళ్లు తొమ్మిది... నూట నలభై నాలుగడుగులు," ఆంజినప్ప గొణిగాడు.

హనుమక్క సంచి దులిపి అతని చేతిలో పెట్టింది. "లెక్క బాగానే వచ్చులే నీకు. ఇంకోతూరి రాయి ఇడిసే ముందు కొంచెం నడుం వంచు."