కల్లం దగ్గర లైటు

పొదిలి దగ్గర ఒక పల్లె. కల్లంలో కూర్చుని రంగు పోయిన తాలు మిరపకాయలు ఏరుతున్న ఆమె దగ్గరికి బడి టీచరు కరపత్రాలతో వచ్చింది.

“శనివారం రాత్రి ఎనిమిదిన్నర నుంచి గంటసేపు ఊరంతా లైట్లు ఆపుతున్నాం పెద్దమ్మా. కరెంటు కోసం బొగ్గు కాల్చీ కాల్చీ ఎండలు ఏటేటా ముదిరిపోతున్నాయి కదా, అది అందరికీ తెలియాలని.”

“ఎండ సంగతి నాకు చెప్పాలా టీచరమ్మా? ఏసీలున్న ఇళ్లకెళ్లావా?”

“వెళ్లాను. సరేనన్నారు.”

“ఆపుకోమను. ఈ స్తంభం లైటు మాత్రం ఆపొద్దు.”

“ఊళ్లో అన్నిటికంటే పెద్ద లైటు ఇదే పెద్దమ్మా.”

“అందుకే. మా ఆయన్ని పాము కరిచింది ఇక్కడే. చీకట్లో కాయలకి కాపలా పడుకున్నాడు. ఆయన పోయాక ఆరేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి వేయించుకున్నా దీన్ని.”

“తెలియక అడిగాను. ఇదొక్కటీ వదిలేద్దాంలే.”

“ఆగు. ఆపితే చుక్కలు కనపడతయ్యా?”

“మబ్బు లేకపోతే బాగా కనపడతాయి.”

“కాపలాకి నేనూ వచ్చేదాన్ని. పడమటేపు మూడు చుక్కలు వరసగా ఉంటయ్యి. అయ్యి కిందికి దిగిందాకా కబుర్లు చెప్పేవాడు. లైటొచ్చాక మళ్లీ చూళ్లేదు.”

“అవి అక్కడే ఉంటాయి పెద్దమ్మా. టార్చి పట్టుకుని నేను నీ పక్కనే కూర్చుంటా.”

“అయితే ఆపెయ్యండి. ఆయన వేలు పెట్టి చూపిస్తేగానీ నాకు దొరికేవి కాదు. ఇప్పుడు ఒక్కదాన్నే వెతుక్కోవాలి. గంట చాలిద్దా టీచరమ్మా?”