వేడి పంచుకున్న కారు

వెనకాల సామాన్లకి పొడుగ్గా చోటున్న పాత కారు అది. షెడ్డులో బానెట్ కిందికి మెకానిక్ వంగి చూస్తుంటే, దాన్ని నడుపుకొచ్చిన ఆమె పాపని చంకనేసుకుని బిక్కుబిక్కుమంటూ నిలబడింది.

"ఇంజిన్ పోయిందా బాబాయ్? మా అత్తయ్య ప్రాణమంతా దీనిమీదే. ఆవిడ వద్దంటున్నా నేనే తీశాను."

"రేడియేటర్ ఫ్యాన్ కాలిపోయిందమ్మా. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా వచ్చుండాలే?"

"వచ్చింది. అప్పుడే వెనక కిటికీ అద్దం పైకి రాక పాప వానకి తడిసి వణుకుతుంటే హీటర్ పెట్టాను. ముల్లు కిందికి దిగింది!"

"తర్వాత?"

"ఆపితే ఎక్కింది, పెడితే దిగింది. ఇదేదో దీనికి నచ్చినట్టుందని ఇక్కడిదాకా హీటర్ ఆపలేదు. పాప బట్టలు ఆరిపోయాయి గానీ, నేను చెమటకి తడిసి ముద్దయ్యాను."

మెకానిక్ తలెత్తి ఆమెని తేరిపార చూశాడు.

"ఎవరు నేర్పారు తల్లీ?"

"ఎవరూ నేర్పలేదు. తప్పు చేశానా?"

"హీటర్ పెట్టి ఇంజిన్ వేడంతా నీ మీదికి లాక్కుని దాన్ని బతికించావు! ఫ్యాన్ మారిస్తే చాలు, అద్దం కూడా ఎక్కిస్తాను."

ఆమె ఊపిరి పీల్చుకుంది. "మరి అత్తయ్యకి ఏం చెప్పను?"

"నువ్వేం చెప్పొద్దు. సాయంత్రం ఆవిణ్ణి వెంటబెట్టుకురా, నేను చెప్తాను. తాళాలు మాత్రం నీ చేతికే ఇస్తాను."